ఇటలీ పల్లెలో ఒక వారం: అద్దె ఇల్లు, సొంత వంట, అద్దె కారుతో వాల్ దోర్చా విడిదికి సమగ్ర మార్గదర్శి

టస్కనీ దక్షిణ భాగంలో, సియెనా నగరానికి దిగువన, ఓర్చా నదికి ఇరువైపులా గోధుమ చేలతో, సరివి చెట్లను తలపించే నిటారైన సైప్రస్ వరుసలతో పరచుకున్న లోయను వాల్ దోర్చా అంటారు. పియెంజా, మొంతల్చీనో, సాన్ క్వీరికో దోర్చా, కస్తిల్యోనె దోర్చా, రదికోఫాని అనే 5 పురపాలికల పరిధిలోకి వచ్చే ఈ లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైలు మార్గం దగ్గరగా రాదు, బస్సులు ప్రధానంగా స్థానికుల బడి వేళలకూ పని వేళలకూ తగినట్టు నడుస్తాయి, ఆదివారాల్లో మరీ తక్కువ. అందుచేత ఇక్కడ నాలుగు రోజులకు మించి ఉండదలచుకున్నవారికి కారు తప్పనిసరి. కుటుంబంతో వెళ్లేవారికి, ముఖ్యంగా శాకాహారులకు, వంటగది ఉన్న ఇల్లు కూడా దాదాపు అంతే అవసరం.

ఇటువంటి ప్రయాణంలో చాలామంది ముందు విమానం, తరువాత చూడవలసిన ఊళ్ల జాబితా, చివరకు బస అనే వరుసలో ఆలోచిస్తారు. పల్లె విడిదికి ఆ వరుస పనికిరాదు. ఇల్లు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి రోజుకు ఎంత దూరం కారు నడపాలో, కూరగాయలు ఎక్కడ కొనాలో, చీకటి పడ్డాక ఎటువంటి దారిలో తిరిగి రావాలో తేలుతుంది. కాబట్టి ఒకే ఇంట్లో వారం రోజులు ఉండి, గంట ప్రయాణంలోపు ఉన్నవి మాత్రమే చూసి రావడం అనే నియమాన్ని ముందే పెట్టుకుని, కాలం, ఇల్లు, పత్రాలు, కారు, వంట అనే క్రమంలో నిర్ణయాలు తీసుకోవాలని నా సలహా.

మొదటి మెట్టు: కాలాన్ని ఎంచుకోవడం

ఛాయాచిత్రాల్లో కనిపించే పచ్చని అలల వంటి చేలు ఏప్రిల్, మే నెలలవి. మే నెలలో చేల మధ్య ఎర్రని గసగసాల పూలు కనిపిస్తాయి, జూన్‌లో పైరు బంగారు రంగుకు తిరుగుతుంది, జూన్ చివర నుంచి జూలై వరకు కోతలు సాగుతాయి. ఆగస్టుకల్లా నేల దున్ని బూడిద రంగులో ఉంటుంది. అది కూడా అందమైనదే కానీ, పచ్చదనం కోసం వెళ్లినవారికి నిరాశ కలుగుతుంది. పైగా ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండుగకు అటూ ఇటూ ఇటలీ అంతా సెలవుల్లో ఉండడం వల్ల అద్దెలు ఎక్కువగా ఉంటాయి, ఎండ తీవ్రత కూడా ఎక్కువే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి, పిల్లలున్న కుటుంబాలకు మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు ఉన్న కాలం చక్కగా సరిపోతుంది. పగలు ఎక్కువసేపు వెలుతురు ఉంటుంది, రాత్రి తొమ్మిదింటి దాకా చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. రెండో మంచి కాలం దసరా సెలవులు. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు సాగుతాయి, అక్టోబరు చివర ఆలివ్ కాయల కోత మొదలవుతుంది. అయితే టస్కనీలోని చాలా ఊళ్లలో ఇళ్లను వెచ్చబరిచే వ్యవస్థను ప్రాంతాన్ని బట్టి అక్టోబరు 15 లేదా నవంబరు 1 తరువాతే నడపాలన్న చట్టబద్ధమైన పరిమితి ఉంది కాబట్టి, అక్టోబరు మొదట్లో రాతి ఇళ్లలో రాత్రిళ్లు చలిగా అనిపిస్తుంది. ఉన్ని దుస్తులు తీసుకువెళ్లాలి.

రెండో మెట్టు: ఇల్లు

ఇక్కడ అద్దెకు దొరికే వసతి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, కేవలం ఇల్లు. యజమాని తాళం ఇచ్చి వెళ్లిపోతాడు. రెండోది అగ్రితురిస్మో, అంటే వ్యవసాయం చేసే కుటుంబం తమ పొలంలోని పాత గాదెనో, పశువుల కొట్టాన్నో బాగుచేసి అతిథులకు ఇచ్చే వసతి. 1985లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది, 2006లో దాని స్థానంలో మరో చట్టం తెచ్చారు. రెండింటిలోనూ అతిథుల వసతి వ్యవసాయానికి అనుబంధంగానే ఉండాలన్నదే మూలసూత్రం. వంటగది లేని గదులు మాత్రమే ఇచ్చే అగ్రితురిస్మోలు కూడా ఉంటాయి కాబట్టి, వంటగది మీకు ప్రత్యేకంగా ఉందా, ఉమ్మడిదా అన్నది రాతపూర్వకంగా అడగాలి. మొదటిసారి వెళ్లేవారికి నేను అగ్రితురిస్మోనే సూచిస్తాను. నీళ్లు రాకపోయినా, కారు చక్రంలో గాలి పోయినా పక్కనే మనిషి ఉంటారు. ఆలివ్ నూనె, గుడ్లు, కాయగూరలు అక్కడే కొనుక్కోవచ్చు.

స్థలం విషయానికి వస్తే, నకాశా మీద మూడు దూరాలు కొలవాలి. పెద్ద దుకాణం ఉన్న ఊరికి కారులో ఎంతసేపు, తారు రోడ్డు నుంచి ఇంటి దాకా మట్టి దారి ఎంత పొడవు, నడిచి వెళ్లగలిగే ఊరు ఏదైనా ఉందా అన్నవి ఆ మూడు. ఈ ప్రాంతంలో కంకర పరిచిన తెల్లని దారులను స్త్రాదె బియాంకె అంటారు. చూడడానికి బాగుంటాయి, కానీ రోజుకు రెండుసార్లు ఐదారు కిలోమీటర్లు వాటి మీద పోవలసి వస్తే టైర్లకూ, వెనుక కూర్చున్న పెద్దవారి నడుముకూ ఇబ్బంది. మట్టి దారి ఒక కిలోమీటరు లోపు ఉన్న ఇల్లు వెతకండి. పెద్దవారు తోడుంటే పియెంజా లేదా సాన్ క్వీరికోకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు తీసుకోవడం మరీ మంచిది. కారు తీయకుండానే సాయంత్రం కాఫీకో, రొట్టెకో వెళ్లి రావచ్చు, కారు నడిపేవారికి కూడా విశ్రాంతి దొరుకుతుంది.

యజమానికి డబ్బు కట్టే ముందు ఆ ఇంటికి జాతీయ గుర్తింపు సంకేతం ఉందో లేదో చూడాలి. 2025 నుంచి పర్యాటకులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ సీఐఎన్ అనే ఈ సంకేతం తప్పనిసరి, ప్రకటనలోనే అది కనిపించాలి. అది లేని ఇంటిని, బుకింగ్ వెబ్‌సైటు బయట నేరుగా బ్యాంకుకు డబ్బు పంపమని అడిగే యజమానిని నమ్మకపోవడమే క్షేమం. జూలై, ఆగస్టు నెలల్లో చాలా ఇళ్లను శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు కాబట్టి విమానం టికెట్లు ఆ లెక్క చూసుకున్నాకే కొనాలి.

ప్రకటనలో కనిపించే అద్దె మొత్తం ఖర్చు కాదు. దుప్పట్లు, తువాళ్లు, చివరి రోజు శుభ్రపరచడం, వెచ్చదనానికి వాడిన గ్యాసు, పొయ్యి కట్టెలు కొన్ని ఇళ్లలో వేరుగా లెక్కిస్తారు. వీటికి తోడు తలకూ రాత్రికీ ఇంత అని పురపాలిక వేసే బస పన్ను ఉంటుంది. దాన్ని తరచుగా వచ్చిన రోజునే నగదుగా అడుగుతారు, నిర్ణీత వయసులోపు పిల్లలకు మినహాయింపు ఉంటుంది. అతిథుల వివరాలను 24 గంటల్లోగా పోలీసులకు పంపడం యజమాని చట్టబద్ధమైన బాధ్యత కాబట్టి పాస్‌పోర్టులు అడిగితే సందేహించనక్కరలేదు.

మన ఇళ్లలో అలవాటు లేని మరొక విషయం విద్యుత్తు. ఇటలీలో సాధారణ గృహ కనెక్షన్ సామర్థ్యం 3 కిలోవాట్లు. ఓవెన్, బట్టలు ఉతికే యంత్రం, నీళ్లు కాచే కెటిల్ ఒకేసారి నడిపితే ఇంటి మొత్తానికి కరెంటు పోతుంది. మీటరు పెట్టె ఎక్కడుందో, మీట ఎలా పైకి ఎత్తాలో తాళం తీసుకునేటప్పుడే చూపించమనాలి. వోల్టేజి మనదే, 230. కానీ మన మూడు గుండ్రని కాళ్ల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. అక్కడి సాకెట్‌లో మూడు రంధ్రాలు ఒకే వరుసలో ఉంటాయి, పైగా అవి సన్నవి, లావువి అని రెండు కొలతల్లో ఉంటాయి కాబట్టి రెండింటికీ పనికివచ్చే అడాప్టర్లు తీసుకువెళ్లాలి. పల్లె ఇళ్లలో వంట గ్యాసు సిలిండర్ ద్వారా వస్తుంది. అదనపు సిలిండర్ ఉందా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే. కుళాయి నీరు తాగవచ్చా అని మరచిపోకుండా అడగాలి, ఎందుకంటే ఊరి నీరు తాగడానికి పనికివస్తుంది గానీ, కొన్ని పొలాల్లో బావి నీరు వాడతారు.

మూడో మెట్టు: వీసా, అనుమతి పత్రాలు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ స్వల్పకాల వీసా, అంటే ఇటలీతో సహా పలు ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. హోటల్ కాకుండా ఇల్లు తీసుకున్నప్పుడు, యజమాని పేరు, ఇంటి పూర్తి చిరునామా, సీఐఎన్, మీ అందరి పేర్లు, తేదీలు ఉన్న ధ్రువీకరణ పత్రాన్ని రాయించుకుని జతచేయాలి. ఒక్కరి పేరుమీదే బుకింగ్ ఉండి మిగతావారి పేర్లు లేకపోవడం వల్ల అనవసరమైన ప్రశ్నలు వస్తాయి.

కారు నడిపే ప్రతి ఒక్కరికీ భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. దాన్ని లైసెన్సు ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. మనకు రవాణా శాఖ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. డబ్బు తీసుకుని అంతర్జాతీయ లైసెన్సు పంపుతామనే ప్రైవేటు వెబ్‌సైట్ల పత్రాలు చెల్లవు. అమెరికాలో ఉండే తెలుగువారు అక్కడి అధీకృత వాహనదారుల సంఘం నుంచి ఇదే పర్మిట్ తీసుకోవాలి; జర్మనీ వంటి ఐరోపా సమాఖ్య దేశపు లైసెన్సు ఉన్నవారికి ఇది అవసరం లేదు. పర్మిట్ ఒక్కటే చూపితే చాలదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి.

నాలుగో మెట్టు: కారు

ఇటలీలో అద్దె కార్లలో ఎక్కువ భాగం చేత్తో గేర్లు మార్చేవే. కుడివైపు నడిచే రోడ్డు, ఎడమవైపు స్టీరింగ్, కుడి చేతితో గేరు: ఈ మూడు మార్పులూ ఒకేసారి ఎదురవుతాయి కాబట్టి, కొండ దారులు అలవాటు లేనివారు ఖర్చు ఎక్కువైనా ఆటోమేటిక్ కారు తీసుకోవాలి, అది కూడా నెలల ముందే బుక్ చేయాలి. ఊళ్ల దారులు ఇరుకు, పార్కింగ్ గళ్లు చిన్నవి. ఎనిమిది మంది వెళ్తుంటే తొమ్మిది సీట్ల వాహనం కన్నా రెండు చిన్న కార్లు మేలని నా అభిప్రాయం. ఒకరికి ఒంట్లో బాగా లేకపోయినా మిగతావారి రోజు ఆగిపోదు. అయితే సామాను లెక్క ముందే చూసుకోవాలి. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద పెట్టెలు చిన్న కారులో పట్టవు.

అద్దె సంస్థలు ప్రధాన డ్రైవరు పేరుమీద ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతాయి. డెబిట్ కార్డు చాలాచోట్ల అంగీకరించరు, భార్య పేరుమీద కార్డు, భర్త పేరుమీద బుకింగ్ ఉంటే కౌంటరు దగ్గర కారు ఇవ్వకపోవచ్చు. కార్డు మీద పెద్ద మొత్తాన్ని పూచీగా నిలుపుతారు కాబట్టి పరిమితి చూసుకోవాలి, అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి ఇంటి దగ్గరే తెరుచుకోవాలి.

బీమా ఒప్పందాన్ని నిదానంగా చదవాలి. అద్దెలో కలిసి ఉండే ప్రాథమిక బీమాలో కూడా ఒక హద్దు వరకు నష్టం మీరే భరించాలి. ఆ మొత్తాన్ని ఇటలీలో ఫ్రాంకీజియా అంటారు. ఆ హద్దును సున్నా చేసే అదనపు బీమాను కౌంటరు దగ్గర అమ్ముతారు, బయటి సంస్థల దగ్గర తక్కువకు దొరుకుతుంది, కానీ అప్పుడు ముందు మీరు డబ్బు కట్టి తరువాత తిరిగి పొందాలి. అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం చాలా పాలసీల్లో మినహాయింపులే. కంకర దారిలో ఇల్లు తీసుకున్నవారికి సరిగ్గా అవే దెబ్బతినేవి కాబట్టి, వాటికి వర్తించే బీమానే తీసుకోవాలి.

అద్దెను 24 గంటల లెక్కన కడతారు. రోమ్‌లోనో, ఫ్లోరెన్స్‌లోనో రెండు రోజులు గడపాలనుకుంటే ఆ రోజులను ప్రయాణం మొదట్లో పెట్టుకుని, ఊరు వదిలే ఉదయం కారు తీసుకోవాలి. నగరంలో కారు బరువే తప్ప ఉపయోగం లేదు. హైదరాబాదు నుంచి గల్ఫ్ నగరాల మీదుగా రాత్రంతా ప్రయాణించి దిగినవారు ఆ రోజే రెండున్నర గంటలు కారు నడపడం మంచిది కాదు. విమానాశ్రయానికి దగ్గరలో ఒక రాత్రి నిద్రపోయి, మరునాడు ఉదయం బయలుదేరాలి. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, చక్రాల అంచులు, ముందు అద్దం, ఇంధనం ముల్లు కనిపించేలా వీడియో తీయండి, ఉన్న గీతలన్నీ ఒప్పంద పత్రంలో రాయించండి. హెచ్చరిక త్రికోణం, మెరిసే చొక్కా కారులో ఉన్నాయో లేదో చూడండి. ఎత్తు 150 సెంటీమీటర్ల లోపు ఉన్న పిల్లలకు ప్రత్యేక ఆసనం చట్టప్రకారం తప్పనిసరి, దాన్ని ముందే బుక్ చేయాలి.

ఐదో మెట్టు: రోడ్డు మీద

రోమ్ నుంచి వచ్చేవారికి ఏ1 మోటారు మార్గం మీద కియూసి–కియాంచానో తెర్మె నిష్క్రమణ అనువైనది, ఫ్లోరెన్స్ నుంచి వచ్చేవారికి వాల్దికియానా. మోటారు మార్గాల బోర్డులు ఆకుపచ్చ రంగులో, మిగతా ప్రధాన రోడ్ల బోర్డులు నీలం రంగులో ఉంటాయి. ఏ1 మీదకు ఎక్కేటప్పుడు యంత్రం నుంచి చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు దూరాన్ని బట్టి టోల్ కట్టాలి. దిగేచోట పసుపు రంగులో తెలెపాస్ అని మాత్రమే రాసి ఉన్న వరుసలోకి పోకూడదు, అది ఎలక్ట్రానిక్ పరికరం ఉన్నవారికి; నోట్లు, నాణేల బొమ్మ ఉన్న వరుస ఎంచుకోండి. చీటీ పోగొట్టుకుంటే అత్యంత దూరం నుంచి వచ్చినట్టు లెక్కగడతారు.

వేగ పరిమితి మోటారు మార్గం మీద గంటకు 130 కిలోమీటర్లు, వాన పడితే 110. పల్లె రోడ్ల మీద 90, ఊళ్లలో 50. వేగం పట్టే కెమెరాలు విరివిగా ఉంటాయి, మోటారు మార్గాల మీద రెండు స్థానాల మధ్య సగటు వేగాన్ని కూడా కొలుస్తారు. ఊరి బయట పగలైనా దీపాలు వేసుకునే నడపాలి. గుండ్రని కూడలిలో అపసవ్య దిశలో తిరగాలి, లోపల తిరుగుతున్నవారికి దారి ఇవ్వాలి. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానిది ముందు హక్కు. చీకటి పడ్డాక అడవి పందులు, దుప్పులు రోడ్డు దాటుతుంటాయి కాబట్టి పల్లె దారుల్లో రాత్రి ప్రయాణం తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయే చోటు పాత నగరాల్లోని పరిమిత రాకపోకల ప్రాంతాలు. ఎర్రని వలయం ఉన్న తెల్లని గుండ్రటి బోర్డు, దాని కింద జోనా ఆ త్రాఫికో లిమితాతో అన్న మాటలు, పైన కెమెరా కనిపిస్తే లోపలికి పోకూడదు. సియెనా, ఫ్లోరెన్స్, పీసా, రోమ్‌లతో పాటు చిన్న కొండ ఊళ్లలో కూడా ఇవి ఉన్నాయి. ఎలక్ట్రానిక్ పలక మీద వార్కో అత్తీవో అని ఉంటే కెమెరా పనిచేస్తున్నదని అర్థం. ఫోను చూపే దారిని నమ్మి పోవడం ఇక్కడ ప్రమాదకరం. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ప్రవేశిస్తే మూడు జరిమానాలు పడవచ్చు. వివరాలు పోలీసులకు అందించినందుకు అద్దె సంస్థ ముందు తన రుసుము కార్డు నుంచి తీసుకుంటుంది, అసలు జరిమానా నెలల తరువాత ఇంటికి వస్తుంది. అది అందిన 5 రోజుల్లోగా కడితే సాధారణంగా 30 శాతం తగ్గింపు ఉంటుంది. దీనికి మార్గం ఒక్కటే: బయలుదేరే ముందే ఊరి గోడల బయట ఉన్న పార్కింగ్ స్థలం పేరును గమ్యంగా పెట్టుకోవడం. ఫ్లోరెన్స్ చూడాలనుకుంటే ఏ1 నుంచి నేరుగా ప్రవేశించే విల్లా కొస్తాంజా పార్కింగ్‌లో కారు వదిలి ట్రామ్‌లో కేంద్రానికి పోవచ్చు.

పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలం గీతలకు డబ్బు కట్టాలి, పసుపు గీతలు స్థానికులకూ ప్రత్యేక అవసరాలున్నవారికీ కేటాయించినవి. తెల్ల గీతల దగ్గర కూడా బోర్డు మీద గడియారం బొమ్మ ఉంటే వచ్చిన సమయం చూపే చక్రాన్ని అద్దం వెనుక పెట్టాలి. ఏ పార్కింగ్‌లోనైనా పెట్టెలు, సంచులు బయటికి కనిపించేలా వదలకూడదు.

పెట్రోలును బెంజీనా, డీజిలును గజోలియో అని రాస్తారు; ఏది పోయాలో ఇంధనం మూత మీద చూసి నిర్ధారించుకోండి. సిబ్బంది పోసే పంపు కన్నా సొంతంగా పోసుకునే పంపు దగ్గర ధర తక్కువ. పల్లె బంకుల్లో మధ్యాహ్నం, ఆదివారం మనుషులు ఉండరు, యంత్రం చిల్లర తిరిగి ఇవ్వదు, విదేశీ కార్డులను కొన్నిసార్లు తీసుకోదు. టాంకు సగానికి వచ్చినప్పుడే నింపుకోవడం, 10, 20 యూరోల నోట్లు దగ్గర ఉంచుకోవడం మంచి అలవాటు.

ఆరో మెట్టు: వంటగది, సరుకులు

వెళ్లిన రోజు శనివారం సాయంత్రమైతే, ఇంటికి చేరే ముందే దుకాణానికి పోవాలి. పల్లెల్లో చిన్న దుకాణాలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసి ఉంటాయి, ఆదివారం కొన్ని అసలే తెరవవు. కోప్, కోనాద్ వంటి సూపర్ మార్కెట్లు విరామం లేకుండా నడిచేచోట్ల కూడా ఆదివారం వేళలు వేరు. మొదటి రెండు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, పాలు, పెరుగు, ఉల్లిపాయలు, టమాటాలు ఆ సాయంత్రమే కొనాలి. బండి తీసుకోవడానికి ఒక యూరో నాణెం కావాలి. కూరగాయలను చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఎంచుకోవాలి, చాలా చోట్ల తూకం వేసి ధర చీటీ అంటించే పని కొనేవారిదే.

ఇంటి నుంచి ఏం తీసుకువెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు చట్టం చెబుతుంది. ఐరోపా సమాఖ్య బయటి నుంచి మాంసం, పాల ఉత్పత్తులు సామానులో తీసుకురావడం నిషేధం, కాబట్టి నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదలాలి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి వంటి తాజా మొక్కల ఉత్పత్తులకు ఆరోగ్య ధ్రువీకరణ పత్రం అవసరం, అది మనకు సాధ్యమయ్యేది కాదు. నూనెతో చేసిన ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, సాంబారు పొడి, పోపు దినుసులు, ఇంగువ, పసుపు, కారం, చింతపండు, కొంచెం కందిపప్పు చాలు. వీటిని గట్టిగా మూసి, చెక్ ఇన్ చేసే పెట్టెలో పెట్టాలి. మూడు లీటర్ల చిన్న కుక్కర్ ఒకటి తీసుకువెళ్లడం తెలివైన పని, ఎందుకంటే ఇటలీ వంటగదిలో పాస్తా ఉడికించే లోతైన గిన్నె, చిల్లుల గిన్నె, కాఫీకి మోకా పాత్ర ఉంటాయి గానీ కుక్కర్, మిక్సీ ఉంటాయన్న హామీ లేదు. ఇంట్లో విద్యుత్ ఇండక్షన్ పొయ్యి ఉందేమో ముందే తెలుసుకోండి. అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు.

మిగతావి అక్కడే దొరుకుతాయి, పైగా చాలా బాగుంటాయి. లెంతిక్కియె రోస్సె అని రాసి ఉన్న ఎర్రని పప్పు మన మసూర్ పప్పే. కుక్కర్ లేకున్నా ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, పాలకూరతో కలిపి పప్పు చేయడానికి చక్కగా సరిపోతుంది. శనగలు, బొబ్బర్లు, రకరకాల చిక్కుడు గింజలు ఈ ప్రాంతపు ప్రధాన ఆహారం. బియ్యంలో బాస్మతి పెద్ద దుకాణాల్లో ఉంటుంది, పార్‌బాయిల్డ్ అని రాసినది పొడిపొడిగా వస్తుంది; రిసోత్తో కోసం అమ్మే అర్బోరియో మెత్తగా, జిగురుగా అవుతుంది, దాన్ని పెరుగన్నానికి వాడుకోండి. తియ్యదనం లేని తెల్ల పెరుగు సులభంగా దొరుకుతుంది, తోడుకు కూడా పనికివస్తుంది. వంకాయలు, గుమ్మడి జాతి జుక్కీనీలు, ఎండు మిరపకాయలు, మే నెలలో తాజా బాకలా చిక్కుళ్లు వారపు సంతలో కొనడం మేలు. ఏ ఊళ్లో ఏ రోజు సంతో యజమానిని అడిగి మీ వారం ప్రణాళికను దాని చుట్టూ అల్లుకోండి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. అది పాడైంది కాదు, అక్కడి పద్ధతే. పచ్చడితో చాలా బాగుంటుంది.

శాకాహారులు జున్ను (చీజ్) విషయంలో జాగ్రత్త పడాలి. పార్మిజానో రెజ్జానోను నియమావళి ప్రకారం దూడ పొట్ట నుంచి తీసే పదార్థంతోనే తోడు పెడతారు, పియెంజా గొర్రె పాల జున్ను పెకొరీనోలో కూడా చాలావరకు పశువుల తోడే ఉంటుంది. కాల్యో వెజెతాలె అని రాసినవి మొక్కల తోడుతో చేసినవి, జున్ను దుకాణాల్లో అడిగితే చూపిస్తారు. భోజనశాలకు వెళ్లినప్పుడు పీచి అనే లావైన పాస్తాను వెల్లుల్లి, టమాటాలతో చేసే పీచి అల్ అల్యోనె అడగండి. సాధారణంగా పిండి, నీళ్లతోనే చేస్తారు, గుడ్డు తిననివారు మాత్రం ఒకసారి అడిగి నిర్ధారించుకోవాలి. కూరగాయల సూపుల్లో మాంసపు రసం, కొన్ని రొట్టెల్లో పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది కనుక అక్కడ కూడా అదే జాగ్రత్త.

చెత్తను తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు, మిగిలినది అని వేరుచేయాలి. కొన్ని పురపాలికల్లో ఏ రోజు ఏది బయట పెట్టాలో పట్టిక ఉంటుంది. అది సాధారణంగా వంటగది గోడ మీదో, తలుపు మీదో అంటించి ఉంటుంది.

ఏడో మెట్టు: రోజులను పంచుకోవడం

ఒక రోజు తిరుగుడు, ఒక రోజు ఇంటి పట్టున అన్న లయ ఈ లోయకు బాగా కుదురుతుంది. తిరిగే రోజున ఉదయం ఎనిమిదిన్నరకల్లా బయలుదేరి, రెండు ఊళ్లు చూసి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరితే సాయంత్రం వంటకూ నడకకూ మిగులుతుంది. మొంతల్చీనోను, దానికి దక్షిణాన ఉన్న సాంత్ ఆంతిమో మఠాన్ని ఒక రోజు కలపవచ్చు. మరో రోజు నడిబొడ్డున చౌరస్తాకు బదులు వేడి నీటి కొలను ఉన్న బాన్యో విన్యోని, అక్కడి నుంచి కనిపించే కస్తిల్యోనె దోర్చా కోట. ఎండ ఎక్కువగా ఉన్న రోజున 1,738 మీటర్ల ఎత్తున్న మోంతె ఆమియాతా మీది బీచ్ చెట్ల అడవి చల్లగా ఉంటుంది. పక్క లోయలోని మోంతెపుల్చానో, సిగ్నొరెల్లి, సోదొమా చిత్రించిన కుడ్యచిత్రాలున్న మోంతె ఒలివెతో మజ్జొరె మఠం కూడా ఆ గంట వలయంలోనే ఉన్నాయి. సియెనా సుమారు గంట దూరం. అయితే జూలై 2న, ఆగస్టు 16న పాలియో గుర్రపు పందేలు జరిగేటప్పుడు ఆ నగరానికి కారులో పోకండి.

పియెంజాను మాత్రం వచ్చిపోయే జనం తగ్గాక, సాయంత్రం ఆరు తరువాత చూడండి. 15వ శతాబ్దంలో పోప్ రెండవ పయస్ తాను పుట్టిన కొర్సిన్యానో అనే పల్లెను బెర్నార్దో రొస్సెల్లీనో అనే శిల్పి చేత ఆదర్శ నగరంగా కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. 1996లో ఇది విడిగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చర్చి వెనుక గోడ వెంట నడిచే బాట నుంచి లోయ అంతా కనిపిస్తుంది.

ఫోను సంకేతం లోయ దిగువన తరచుగా పోతుంది కాబట్టి నకాశాను ఇంటర్నెట్ అవసరం లేకుండా దింపుకుని, ఇంటి అక్షాంశ రేఖాంశాలు, యజమాని ఫోను నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. అత్యవసరానికి 112. ఆకుపచ్చ శిలువ గుర్తు మందుల దుకాణానిది. అది మూసి ఉంటే, ఆ రోజు తెరిచి ఉండే దుకాణం పేరు తలుపు మీద రాసి ఉంటుంది.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి మిగిలిన సరుకులు లెక్కచూసి, విప్పని ప్యాకెట్లను ఇంట్లో వదలవచ్చా అని అడగండి, చెత్త సంచులు సరైన డబ్బాల్లో వేయండి. టోల్, ఇంధనం రసీదులు ఒక కవరులో దాచండి. కారు తిరిగి ఇచ్చే చోటుకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపలే టాంకు నింపి, ఆ రసీదును, ఇంధనం ముల్లును, కిలోమీటర్ల సంఖ్యను ఫోటో తీసి, సిబ్బంది కారును పరిశీలించి సంతకం చేసిన పత్రం తీసుకున్నాకే తాళం అప్పగించండి. ఉదయాన్నే కార్యాలయం తెరవక ముందే తాళం పెట్టెలో వేయవలసి వస్తే, కారు నాలుగు వైపులా మళ్లీ వీడియో తీయండి. పూచీగా నిలిపిన మొత్తం విడుదలయ్యే దాకా ఆ వీడియోను, ఒప్పంద పత్రాన్ని చెరపకండి. జరిమానాల నోటీసులు విదేశాల్లో ఉండేవారికి దాదాపు ఏడాది దాకా రావచ్చు కాబట్టి మిగతా కాగితాలను అంతకాలం భద్రపరచండి.